విశాఖలో పోకెమాన్ గో జిమ్‌లు: పట్టడం, కాపాడుకోవడం, వేళకు వదులుకోవడం

ఫోన్ పటం చూస్తూ ఊళ్లో తిరిగి పోకెమాన్ అనే ఊహా జీవులను పట్టే ఆట పోకెమాన్ గో. అందులో కొత్తగా జిమ్‌ల వైపు, అంటే జట్లు తమ పోకెమాన్‌లను కాపలా నిలిపే చోట్ల వైపు, చూసేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: ఏ పోకెమాన్‌ను పెడితే ఎవరూ కొట్టలేరు? అలాంటి పోకెమాన్ లేదు. ఆరు బలమైన పోకెమాన్‌లను వరుసగా నిలబెట్టినా, ఓపికా మందులూ ఉన్న ఒక్క ఆటగాడు కాసేపట్లో జిమ్‌ను ఖాళీ చేసి వెళ్లిపోగలడు. ఆట తయారుచేసినవారి ఉద్దేశం కూడా అదే. జిమ్ చేతులు మారుతూ ఉండాలి. కాబట్టి అడగవలసిన ప్రశ్న వేరు. నా పోకెమాన్ జిమ్‌లో ఎంతసేపు ఉంటే నాకు పూర్తి ఫలం దక్కుతుంది, అంతసేపూ దాన్ని ఎలా నిలబెట్టాలి? జిమ్‌ను సొంత కోటలా కాక కౌలుకు తీసుకున్న పొలంలా చూస్తేనే ఈ ఆట లాభసాటిగా ఉంటుందని నా అభిప్రాయం.

మొదట ఒక హెచ్చరిక. ఈ ఆట భారతదేశంలో అధికారికంగా 2016 డిసెంబరులో, రిలయన్స్ జియోతో ఒప్పందం కుదిరాక వచ్చింది. అప్పటి జిమ్ పద్ధతి వేరు. ప్రెస్టీజ్ అనే మార్కులు పోగేసి జిమ్ స్థాయిని పెంచేవారు, పది మంది దాకా చోటు ఉండేది. 2017 జూన్‌లో ఆ పద్ధతిని పూర్తిగా తీసేశారు. ఇప్పటికీ పాత వీడియోలు చూసి ప్రెస్టీజ్ గురించి అడిగేవారు కనిపిస్తుంటారు. ఆ సలహాలు ఏవీ ఇప్పుడు పనికిరావు.

లెక్క ముందు, యుద్ధం తరువాత

జిమ్‌లో నిలబడిన పోకెమాన్ ప్రతి 10 నిమిషాలకు ఒక నాణెం (ఆటలోని అంగడిలో ఖర్చు పెట్టుకునేది) సంపాదిస్తుంది. రోజుకు మొత్తం మీద 50 నాణేలు మాత్రమే చేతికి వస్తాయి. అంటే 500 నిమిషాలు, అనగా 8 గంటల 20 నిమిషాలు నిలిస్తే ఆ రోజు కోటా నిండినట్లే. ఒకేసారి 20 జిమ్‌లలో వరకు పోకెమాన్‌లను పెట్టవచ్చు గానీ, పరిమితి పోకెమాన్‌కు కాదు, ఆటగాడికి. ఇరవై చోట్ల పెట్టినా ఆ రోజుకు వచ్చేది 50 నాణేలే.

చాలామందికి తెలియని విషయం ఇక్కడే ఉంది. పోకెమాన్ జిమ్‌లో ఉన్నంతకాలం నాణేలు చేతికి రావు. ఎవరైనా దాన్ని ఓడించి పంపేస్తే, అది తిరిగి వచ్చిన రోజు ఖాతాలోనే అవి పడతాయి. నాలుగు రోజులు కదలకుండా నిలబడిన పోకెమాన్ వందలకొద్దీ నాణేలు తెస్తుందని ఆశపడితే నిరాశే మిగులుతుంది. అది తెచ్చేవి 50. పైగా అదే రోజు మీ మరో మూడు పోకెమాన్‌లు కూడా తిరిగి వస్తే, వాటి సంపాదన అంతా గాలికి పోయినట్లే. దీనికి భిన్నంగా, ఒకటి రాత్రి 11 గంటల 50 నిమిషాలకు, ఇంకొకటి అర్ధరాత్రి దాటిన 10 నిమిషాలకు తిరిగి వచ్చాయనుకోండి. రెండూ 8 గంటల 20 నిమిషాలు దాటి నిలిచినవే అయితే, ఇరవై నిమిషాల తేడాతో రెండు రోజుల కోటా నిండుతుంది.

అందువల్ల ఓడిపోవడం ఈ ఆటలో నష్టం కాదు. వేళ కాని వేళ ఓడిపోవడమే నష్టం.

జట్టు ఎంపిక

ఐదో స్థాయికి చేరిన తరువాత మిస్టిక్ (నీలం), వాలర్ (ఎరుపు), ఇన్‌స్టింక్ట్ (పసుపు) అనే మూడు జట్లలో ఒకదాన్ని ఎంచుకోవాలి. పోరాట బలంలో వీటి మధ్య తేడా లేదు. మీ ఇంటి చుట్టుపక్కల, మీ కళాశాలలో, మీ కార్యాలయంలో ఎవరు ఏ రంగులో ఉన్నారో చూసి చేరడం తెలివైన పని, ఎందుకంటే ఒక జిమ్‌లో ఆరు చోట్లు ఉంటాయి, ఒక్కొక్క ఆటగాడు ఒక్క పోకెమాన్‌నే పెట్టగలడు. తోటివారు లేకపోతే మీ పోకెమాన్ ఒంటరిగా నిలబడవలసి వస్తుంది. తరువాత రంగు మార్చుకోవాలంటే 1000 నాణేల మెడాలియన్ కొనాలి, అదీ 365 రోజులకు ఒకసారే. రోజుకు 50 చొప్పున అది 20 రోజుల పూర్తి సంపాదన.

విశాఖలో ఏ జిమ్, ఏ వేళ

జిమ్‌లు సాధారణంగా విగ్రహాలు, గుడులు, ఉద్యానాలు, స్మారకాలు, ప్రదర్శనశాలల దగ్గర ఉంటాయి. ఆ లెక్కన విశాఖ ఆటగాళ్లకు అనుకూలమైన ఊరే. ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి, కురుసుర జలాంతర్గామి, టీయూ-142 విమానం, విక్టరీ ఎట్ సీ స్మారకం, దారి పొడవునా విగ్రహాలు అన్నీ ఒకే రోడ్డు మీద వరుసగా ఉన్నాయి. వీటిలో ఏది జిమ్, ఏది పోకెస్టాప్ (చక్రం తిప్పి వస్తువులు తీసుకునే చోటు) అన్నది మీ ఫోన్‌లోని పటమే చెబుతుంది. అవి కాలంతో మారుతుంటాయి కాబట్టి జాబితా రాయడం వృథా. జిమ్‌తో వ్యవహరించడానికి దాని నుంచి సుమారు 80 మీటర్ల దూరంలో ఉంటే చాలు. బీచ్ రోడ్డులో గోడ మీద కూర్చుని పని ముగించుకోవచ్చు.

ఊళ్లోని జిమ్‌లను నేను రెండు తరగతులుగా చూస్తాను. బీచ్ రోడ్డు, కైలాసగిరి, సిరిపురం, జగదాంబ కూడలి వంటి రద్దీ చోట్లలోనివి మొదటి తరగతి. పెట్టిన గంటలోనే ఎవరో ఒకరు కొట్టేయడానికి అవకాశం ఎక్కువ. ఎంవీపీ కాలనీ లోపలి వీధులు, కొత్తవలస దారిలోని ఊళ్లు, ఉక్కునగరం సెక్టార్ల వంటి నివాస ప్రాంతాలలోనివి రెండో తరగతి. అక్కడ పోకెమాన్ రోజుల తరబడి మిగిలిపోవచ్చు. మొదటి తరగతిలో సమయం చాలదు, రెండో తరగతిలో సమయం మిగిలిపోయి నాణేలు రావు. అందుకని రెండింటినీ కలిపి ఆడాలి. రోజుకు ఒకటో రెండో రద్దీ జిమ్‌లు, వారానికి రెండు మూడు నిదానపు జిమ్‌లు పెట్టుకుంటే, ఏ రోజూ పూర్తిగా ఖాళీగా పోదు.

రద్దీ చోట్ల వేళను ఎంచుకోవడమే అసలైన రక్షణ. ఆదివారం సాయంత్రం ఆరింటికి ఆర్కే బీచ్‌లో పెట్టిన పోకెమాన్ మీద ఆశ పెట్టుకోకూడదు. ఒకసారి నేను అలాగే, ఉన్నవాటిలో అత్యధిక సీపీ (పోరాట బలాన్ని చూపే అంకె) గల స్లేకింగ్ అనే పోకెమాన్‌ను గర్వంగా పెట్టి బయలుదేరాను. పెదవాల్తేరు చేరేసరికే అది మూర్ఛపోయి, మూడు నాణేలతో ఇంటికి వచ్చేసింది. అదే పనిని రాత్రి తొమ్మిదిన్నరకు, మురీ మిక్చర్ బళ్లు సర్దుకుని జనం పలచబడే వేళ చేస్తే లెక్క వేరుగా ఉంటుంది. తొమ్మిదిన్నరకు పెట్టినది తెల్లవారి 5 గంటల 50 నిమిషాలకు కోటా నింపుకుంటుంది. తెల్లవారుజామున వాహనాలను ఆపి బీచ్ రోడ్డును నడకకు వదిలే అలవాటు మన ఊరిది. నడకకు వచ్చేవారిలో ఆటగాళ్లూ ఉంటారు. వాళ్లు ఆరు దాటాక మీ పోకెమాన్‌ను కొట్టి పంపితే, మీకు ఉపకారం చేసినట్లే.

ఇంకొక సందర్భాన్ని కూడా కనిపెట్టాలి. జిమ్ మీద రెయిడ్ (ఒక బలమైన పోకెమాన్‌తో ఆటగాళ్లు కలిసి చేసే పోరు) గుడ్డు కనిపిస్తే, అది పగలడానికి ముందున్న గంటలో జిమ్‌ను మామూలుగానే కొట్టి పట్టవచ్చు. గుడ్డు పగిలి రెయిడ్ మొదలైతే మరో 45 నిమిషాల పాటు ఆ జిమ్ మీద ఎవరూ దాడి చేయలేరు. గుడ్డు పగలడానికి కొద్ది నిమిషాల ముందు పట్టినవారికి ఆ ముప్పావుగంట ఉచిత రక్షణ. అదనంగా, జిమ్ ఏ జట్టు చేతిలో ఉంటే ఆ జట్టువారికి రెయిడ్ చివర ఆ పోకెమాన్‌ను పట్టడానికి వాడే ప్రీమియర్ బంతులు ఎక్కువ దొరుకుతాయి.

దాడి: మెట్టు మెట్టుగా

ముందుగా జిమ్‌ను తెరిచి, లోపల ఎవరెవరు ఏ వరుసలో ఉన్నారో చూడాలి. ఎవరు ముందు చేరారో వారితోనే ముందు పోరు. ఈ వరుస మారదు. ప్రతి పోకెమాన్ పక్కన గుండె గుర్తు ఉంటుంది, దాన్నే మోటివేషన్ అంటారు. గుండె నిండుగా ఉంటే మామూలుగా మూడుసార్లు ఓడిస్తే గానీ అది జిమ్ వదలదు. గుండె సగానికి దిగి ఉంటే రెండుసార్లు, బాగా అడుగంటి ఉంటే ఒక్కసారే చాలు. గుండె తగ్గేకొద్దీ దాని సీపీ కూడా పడిపోతుంది. కాబట్టి తాజాగా నిండిన జిమ్ మీదికి వెళ్లడం కంటే, నిన్నటి నుంచి ఎవరూ పట్టించుకోని జిమ్‌ను వెతుక్కోవడం మేలు. నిండు గుండెలున్న ఆరింటిని ఖాళీ చేయడానికి పద్దెనిమిది గెలుపులు కావాలి. వాడిపోయిన ఆరింటికి ఆరు చాలవచ్చు.

తరువాత ఆరుగురి దళాన్ని మీరే ఎంచుకోండి. ఆట తనంతట తాను సూచించే దళం మీద ఆధారపడితే మందులు వృథా అవుతాయి. ఎదుటి పోకెమాన్ రకానికి (నార్మల్, ఫైటింగ్, ఫెయిరీ వంటివి) విరుగుడైన దాడి చేస్తే దెబ్బ 1.6 రెట్లు తగులుతుంది; ఎదుటి పోకెమాన్‌కున్న రెండు రకాలూ ఆ దాడికి బలహీనమైతే 2.56 రెట్లు. దాడి రకమూ పోకెమాన్ రకమూ ఒకటే అయితే దానికి అదనంగా 1.2 రెట్లు. జిమ్‌లలో ఎక్కువగా కనిపించే బ్లిస్సీ, చాన్సీ, స్నోర్లాక్స్, స్లేకింగ్ నలుగురూ నార్మల్ రకమే, నలుగురికీ ఫైటింగ్ రకమే విరుగుడు. కౌంటర్, డైనమిక్ పంచ్ దాడులు తెలిసిన మాచాంప్‌లు రెండు మూడు, ఆరా స్ఫియర్ తెలిసిన లుకారియో ఒకటి ఉంటే విశాఖలోని సగం జిమ్‌లకు మీరు సిద్ధమైనట్లే. లెజెండరీ పోకెమాన్‌లను జిమ్‌లో కాపలాకు పెట్టలేరు గానీ దాడికి వాడుకోవచ్చు.

సీపీ అంకెను చూసి భయపడకండి. స్లేకింగ్ సీపీ నాలుగు వేలు దాటి కనిపిస్తుంది, కాని దాని వేగవంతమైన దాడి ఆవులింతే అయితే అది చేసే నష్టం సున్నా. పెద్ద దాడి ఒక్కటి తప్పించుకుంటే చాలు. బ్లిస్సీ సంగతి దీనికి తలకిందులు. అంకె చిన్నదే, కాని ఆటలో మనకు దొరికే పోకెమాన్‌లలో దానికున్నంత ప్రాణశక్తి మరి దేనికీ లేదు. జిమ్‌లో నిలబడిన పోకెమాన్‌లకు ప్రాణశక్తి రెట్టింపు కాబట్టి దాన్ని కొట్టడం ఓపికకు పరీక్ష.

వాతావరణాన్ని కూడా చూసుకోవాలి. పటం మీద మబ్బు గుర్తు ఉన్నప్పుడు ఫైటింగ్, ఫెయిరీ, పాయిజన్ రకాల దాడులకు 20 శాతం అదనపు బలం వస్తుంది. వాన గుర్తు ఉంటే వాటర్, ఎలక్ట్రిక్, బగ్ రకాలకు వస్తుంది. ఆట చూపే గుర్తు కిటికీలోంచి కనిపించే ఆకాశంతో ఎప్పుడూ ఏకీభవించదు, కాబట్టి గుర్తునే నమ్మాలి. అయినా జూన్ నుంచి నవంబరు దాకా, నైరుతి తరువాత తుపానుల కాలం కూడా కలిసి వచ్చే మన తీరంలో, మాచాంప్‌కు మబ్బు బలం దొరికే రోజులకు కొదవ ఉండదు.

పోరులో వేలితో పక్కకు తోస్తే మీ పోకెమాన్ తప్పుకుంటుంది. ప్రతి చిన్న దెబ్బకూ తప్పుకుంటూ పోతే సమయం పోతుంది. ఎదుటివాడి పెద్ద దాడికి సూచన కనిపించినప్పుడు మాత్రమే తప్పుకోండి. స్నేహితులు పక్కన ఉంటే ఒకేసారి దిగండి. ఇద్దరు ముగ్గురు కలిసి కొట్టినప్పుడు ఎదుటివారికి బెర్రీ (గుండెను నింపే పండు) పెట్టే వ్యవధి దొరకదు, దాడి విజయంలో ఇదే ముఖ్యం. ఒంటరిగా వెళ్లినప్పుడు అవతలివాడు ఇంట్లో కూర్చుని బంగారు రాజ్ బెర్రీ పెడుతూ గుండెను మళ్లీ మళ్లీ నింపుతుంటే, మొండిపట్టు పట్టకుండా పక్క జిమ్‌కు నడవడం మంచిది. అతని దగ్గర ఎన్ని బంగారు బెర్రీలున్నాయో మీకు తెలియదు.

ఖాళీ అయిన తరువాతి నిమిషం

చివరి పోకెమాన్ వెళ్లిపోగానే జిమ్ రంగు వెలిసిపోతుంది. అప్పుడు దాన్ని పట్టుకోవడానికి కొట్టినవారికి ప్రత్యేక హక్కు ఏదీ ఉండదని అనుకుని నడుచుకోవడం క్షేమం. నాటింది ఒకరు, కోసింది మరొకరు అన్న సామెత ఇక్కడ అక్షరాలా జరగవచ్చు. కాబట్టి ఏ పోకెమాన్‌ను పెట్టాలో దాడికి ముందే నిర్ణయించుకోండి. అది పూర్తి ఆరోగ్యంతో ఉండాలి, మీ బడ్డీగా (వెంట నడిచే తోడుగా) ఉన్నది కాకూడదు, అదే జాతి పోకెమాన్ ఆ జిమ్‌లో అప్పటికే ఉండకూడదు.

ఏది పెట్టాలన్న విషయంలో నా సలహాకు మూలం ఒకే నియమం: సీపీ 3000 దాటిన పోకెమాన్‌ల గుండె వేగంగా తగ్గుతుంది. పూర్తిగా పెంచిన స్లేకింగ్, టోగెకిస్‌ల కంటే 3000కు కొద్దిగా లోపున ఆపిన టోగెకిస్ ఎక్కువసేపు తాజాగా ఉంటుంది. పోకెమాన్ బలం పెంచడానికి వాడే స్టార్‌డస్ట్ ఖర్చు కూడా తగ్గుతుంది. ఈ కారణంగానే బ్లిస్సీకి అంత గిరాకీ.

రెండో సంగతి, వరుస. బ్లిస్సీ, స్నోర్లాక్స్, స్లేకింగ్ పక్కపక్కనే చేరితే దాడి చేసేవాడు ఒకే మాచాంప్ దళంతో ముగ్గురినీ ఊడ్చేస్తాడు. వాటి మధ్యలో టోగెకిస్ ఉందనుకోండి. ఫెయిరీ, ఫ్లయింగ్ రెండు రకాలూ ఫైటింగ్ దెబ్బను తట్టుకునేవే. మాచాంప్ కొట్టే దెబ్బ దాని మీద 0.39 వంతుకు పడిపోతుంది. ఎదుటివాడు పోరు మధ్యలో స్టీల్ రకపు మెటాగ్రాస్‌నో, ఎలక్ట్రిక్ రకాన్నో బయటికి తీయాలి, ఆ వెంటనే వచ్చే స్నోర్లాక్స్‌కు మళ్లీ మాచాంప్‌కు మారాలి. ఇలా విసుగు పుట్టించడమే కాపలాదారుల పని. ఎవరూ అజేయులు కారు గానీ, విసుగు పుట్టిన ఆటగాడు తరచుగా పక్క జిమ్‌కు వెళ్లిపోతాడు. మీ జట్టు వాట్సాప్ గుంపులో ముందుగా మాట్లాడుకుని, రెండో చోటులో చేరేవారు టోగెకిస్ తేవాలని ఒప్పందం చేసుకుంటే చాలు. మబ్బు గుర్తు ఉన్న రోజు ఫెయిరీ దాడులకూ బలం కలిసి వస్తుంది కాబట్టి ఈ అమరిక ఇంకా గట్టిపడుతుంది.

బెర్రీలు ఎప్పుడు, ఎవరికి

మీ పోకెమాన్ ఉన్న జిమ్‌కు ఎక్కడినుంచైనా బెర్రీ పంపవచ్చు. గాజువాకలో పనిలో ఉండి రుషికొండ జిమ్‌ను పోషించవచ్చు. మీదే కాక, తోటివారి పోకెమాన్‌లకు కూడా తినిపించవచ్చు, తినిపించినందుకు కొద్దిగా స్టార్‌డస్ట్ వస్తుంది. మామూలు బెర్రీలు వరుసగా పెట్టేకొద్దీ వాటి ఫలం తగ్గుతుంది. బంగారు రాజ్ బెర్రీ మాత్రం ఒక్కటితోనే గుండెను నింపుతుంది.

బంగారు బెర్రీని దాడి మొదలవగానే పెట్టడం చాలామంది చేసే పొరపాటు. మొదటి ఓటమి తరువాత గుండె కొద్దిగానే తగ్గి ఉంటుంది, అప్పుడు పెడితే కొద్దిపాటి లోటు కోసం ఖరీదైన బెర్రీ పోతుంది. రెండో ఓటమి అయ్యాక, మూడోది పూర్తయ్యేలోగా పెడితే దాడి చేసేవాడి శ్రమ మొత్తం మొదటికి వస్తుంది. అయితే అంతకుముందు గడియారం చూసుకోండి. మీ పోకెమాన్ అప్పటికే ఎనిమిదిన్నర గంటలు నిలిచి ఉంటే, దాన్ని కాపాడటానికి బంగారు బెర్రీ ఖర్చు చేయడం అర్థం లేని పని. అది ఏడు గంటలు మాత్రమే నిలిచి ఉంటే, రెండు బెర్రీలు ఖర్చయినా ఆ గంటా ఇరవై నిమిషాలు కాపాడుకోవడం న్యాయమే.

ఒకే జిమ్‌తో పదే పదే వ్యవహరిస్తూ ఉంటే దాని బ్యాడ్జి పెరుగుతుంది: 500 మార్కులకు కంచు, 4000కు వెండి, 30,000కు బంగారం. బంగారు బ్యాడ్జి ఉన్న జిమ్ చక్రం తిప్పితే వస్తువులు ఎక్కువ దొరుకుతాయి. ఇంటికి దగ్గరగా ఉన్న ఒకటి రెండు జిమ్‌ల మీదే ఈ శ్రద్ధ పెట్టండి. ఊరంతా బంగారం చేయాలనుకుంటే ఏళ్లు పడుతుంది.

మన ఊరి జాగ్రత్తలు

విశాఖ నౌకాదళ నగరం. తూర్పు నౌకాదళ స్థావరం, డాల్ఫిన్స్ నోస్ వైపు నిషిద్ధ ప్రాంతాలు ఉన్నాయి. పటం మీద జిమ్ దగ్గరగా కనిపించినా కంచె దాటకండి, ఫోన్ ఎత్తి పట్టుకుని గేటు దగ్గర తచ్చాడకండి. కాపలాదారుకు మీరు జిమ్ చక్రం తిప్పుతున్నారో ఫోటో తీస్తున్నారో తెలియదు. ఆర్కే బీచ్ అలలు మోసపూరితమైనవి, ఏటా ప్రాణాలు తీస్తున్నవి. జిమ్ కోసం నీళ్లలోకి, జారుడు రాళ్ల మీదికి దిగవలసిన అవసరం ఎప్పుడూ రాదు, ఎందుకంటే 80 మీటర్ల పరిధి రోడ్డు మీదికే అందుతుంది. మద్దిలపాలెం, హనుమంతవాక దగ్గర జాతీయ రహదారి దాటేటప్పుడు ఫోన్ జేబులో ఉండాలి. బండి నడుపుతూ ఆడకూడదు. వేగం ఎక్కువైతే ఆట ఎలాగూ అనుమానిస్తుంది. స్థానాన్ని అబద్ధంగా చూపే యాప్‌లతో ఇంట్లోంచి బీచ్ జిమ్‌లు పట్టేవారికి మొదట హెచ్చరిక, తరువాత తాత్కాలిక నిషేధం, చివరికి ఖాతా రద్దు.

ఉప్పుగాలికి, ఉక్కపోతకు చెమట పట్టిన వేళ్లతో తెర మీద తప్పుకోవడం కుదరదని అనుభవం మీద చెబుతున్నాను. జేబురుమాలు, పవర్ బ్యాంక్ ఉంచుకోండి.

తిరిగి వచ్చాక

ఓడిపోయి వచ్చిన పోకెమాన్ మూర్ఛతో వస్తుంది. ముందు రివైవ్ (మూర్ఛ తేర్చే మందు), తరువాత పోషన్ (ప్రాణశక్తి నింపే మందు) పెట్టి వెంటనే సిద్ధం చేయండి. మర్చిపోతే మరుసటి రోజు జిమ్ ముందు నిలబడి మందులు వెతుక్కోవలసి వస్తుంది. పోషన్‌లు అయిపోతుంటే, నడక దారిలోని పోకెస్టాప్‌ల చక్రాలు తిప్పుకుంటూ వెళ్లాలి. జిమ్ చక్రాన్ని 5 నిమిషాలకు ఒకసారి తిప్పవచ్చు. బాల్స్‌తో సంచి నింపుకుని పోషన్‌లు పారేసేవారు జిమ్‌ల మీదికి రాకపోవడమే మంచిది.

ఆ రోజు 50 నాణేలు నిండాయా లేదా చూసుకుని, నిండకపోతే ఇంకా నిలబడి ఉన్న పోకెమాన్‌లలో ఏది 8 గంటల 20 నిమిషాలు దాటిందో గమనించండి. దాటినవాటికి ఇక బెర్రీలు ఆపండి. దాటనివాటిలో రద్దీ జిమ్‌లో ఉన్నదానికి ముందు తినిపించి, రాత్రి తొమ్మిదిన్నరకు బీచ్ రోడ్డుకు మళ్లీ బయలుదేరవచ్చు.